రైలు కొంచెం... కూత ఘనం!

మన పిల్లలకు తెలుగు ఎలా వంటబట్టించాలన్న ప్రశ్న ఇలాంటి వార్షిక సంచికల్లో ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఇంట్లో తెలుగే మాట్లాడండి, పడుకునే ముందు కథలు చెప్పండి, పద్యాలు నేర్పండి అని పెద్దలు చెబుతూనే ఉన్నారు. అన్నీ మంచి మాటలే. వాటిని కాదనడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. అయితే ఈసారి నేను చెప్పబోయేది కొందరికి వింతగా తోచవచ్చు. మన తెలుగు బడికి ఒక రైలు కావాలి! నిజం రైలు కాదు లెండి. బల్ల మీద గుండ్రంగా తిరిగే బుల్లి రైలు.

ఈ ఆలోచన రావడానికి కారణం, మొన్న బడి సెలవుల్లో మా కుటుంబమంతా కలిసి చూసివచ్చిన బొమ్మ రైళ్ళ ప్రదర్శన. "బొమ్మ" అన్నందుకు ఆ ప్రదర్శన పెట్టినవారు నొచ్చుకుంటారేమో! వాళ్ళ దృష్టిలో అవి బొమ్మలు కావు, నమూనాలు. అసలు రైలులో ఏది ఎక్కడ ఉంటుందో, ఏ కొలతలో ఉంటుందో, నమూనాలోనూ అది అక్కడే, ఆ కొలతకు తగ్గట్టే ఉండాలి. ఆటకీ నమూనాకీ ఉన్న తేడా అదే.

బల్ల మీద లెక్కలు

పిల్లలూ, ఈ భాగం మీకోసం. నమూనా రైళ్ళలో రెండు కొలతలు బాగా ప్రసిద్ధి. ఒకటి హెచ్‌వో. అంటే అసలు రైలులో 87వ వంతు. రెండోది ఎన్. అంటే 160వ వంతు. జర్మనీకి చెందిన మార్క్లిన్ కంపెనీ 1891లోనే లైప్‌జిగ్ సంతలో, ఒకదానితో ఒకటి కలిసే కొలతల్లో పట్టాలు చేసి అమ్మకానికి పెట్టింది. జపానులో కాటో కంపెనీ 1965లో ఎన్ కొలతలో రైలు తయారుచేసింది. మన సింగపూరు ఫ్లాట్లకు ఎన్ కొలతే సరిపోతుంది. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

మన ఊళ్ళలో చాలాకాలం తిరిగిన నీలం రంగు రైలు పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు. హెచ్‌వో కొలతలో అది 24.5 సెంటీమీటర్లవుతుంది. ఇరవై నాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ బండిని నిలబెట్టాలంటే దాదాపు ఆరు మీటర్లు కావాలి. మన హాల్లోంచి మొదలై వంటింట్లోకి వెళ్ళిపోతుంది! అదే ఎన్ కొలతలో అయితే మూడు మీటర్ల పైచిలుకుతో సరి. మీరు రోజూ ఎక్కే ఆరు పెట్టెల ఎమ్మార్టీ పొడవు సుమారు 138 మీటర్లు. ఎన్ కొలతలో అది 86 సెంటీమీటర్లు. మీ చదువుకునే బల్ల మీద పట్టేస్తుంది.

ఇంకో చిన్న కిటుకు. ఎమ్మార్టీ పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 16.5 వస్తుంది. హెచ్‌వో పట్టాల వెడల్పు సరిగ్గా అంతే. మరి మన ఆంధ్ర, తెలంగాణ రైళ్ళు నడిచే బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి చక్కని నమూనా చేసినా, దాన్ని బజారులో దొరికే పట్టాల మీద నడిపితే దాదాపు మూడు మిల్లీమీటర్లు రాజీ పడ్డట్టే. లోకంలో అందరికీ పనికొచ్చే పట్టా మన బండికి కాస్త ఇరుకు! ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

ఇక ఆ బుల్లి ఇంజను ఎలా కదులుతుంది? మామూలు రకంలో రెండు పట్టాల్లోకీ 12 వోల్టుల కరెంటు పంపుతారు. ఒక పట్టా నుంచి చక్రం ద్వారా మోటారులోకి వెళ్ళి, రెండో పట్టా ద్వారా తిరిగొస్తుంది. తీగలు తారుమారు చేస్తే బండి వెనక్కి నడుస్తుంది. ఉత్తర-దక్షిణ లైను ఎమ్మార్టీకి పక్కనుండే మూడో పట్టా నుంచి 750 వోల్టులు అందుతాయి. మన దేశంలో రైలు నెత్తి మీది తీగలో ఉండేది 25,000 వోల్టులు. సూత్రం ఒక్కటే, బలంలోనే తేడా.

సింగపూరు పోగొట్టుకున్న కూత

ఆ ప్రదర్శనలో నన్ను ఎక్కువసేపు ఆపింది జపాను బుల్లెట్ రైలు కాదు. ఒక మూలన, పెద్ద ఆర్భాటం లేకుండా పెట్టిన పాత మలయా రైలు స్టేషను.

ఈ ద్వీపంలో రైలు 1903లో మొదలైంది. 1923లో కాజ్‌వే మీదుగా రైళ్ళు జొహోర్‌కు సాగాయి. 1932లో తాంజొంగ్ పగార్ స్టేషను తెరిచారు. దాని ముఖద్వారం మీద వ్యవసాయం, వాణిజ్యం, రవాణా, పరిశ్రమలకు గుర్తుగా నాలుగు పాలరాతి విగ్రహాలున్నాయి. డెబ్భై తొమ్మిదేళ్ళు పనిచేశాక 2011 జూన్ 30 రాత్రి అక్కడినుంచి చివరి రైలు కదిలింది. దాన్ని నడిపినది స్వయంగా జొహోర్ సుల్తాను! ఆ తరువాత పట్టాలు తీసేశారు. ఆ దారే ఇప్పుడు మనం ఆదివారాలు నడకకు వెళ్ళే 24 కిలోమీటర్ల రైల్ కారిడార్. బుకిట్ తిమా దగ్గర ఇనుప వంతెన, చిన్న స్టేషను మాత్రం భద్రంగా ఉంచారు.

ఆ బుకిట్ తిమా స్టేషనుకో విశేషముంది. ఒంటి లైను మీద రెండు బళ్ళు ఎదురెదురుగా రాకుండా, డ్రైవరు చేతికి ఒక లోహపు టోకెన్ ఇచ్చేవారు. అది చేతిలో ఉంటేనే బండి ముందుకు పోవాలి. 2011లో మూసేదాకా అక్కడ ఆ పద్ధతే నడిచింది. మన పల్లెటూరి స్టేషన్లలో స్టేషను మాస్టరుగారు ఇనుప గోళం పెట్టిన వలయాన్ని డ్రైవరుకి అందించడం చూసినవాళ్ళకి ఇదేమీ కొత్త కాదు.

కొత్త కానిది మరొకటి కూడా ఉంది. మలయా రైలు మీటరుగేజి. గుంటూరు - గుంతకల్లు లైను కూడా 1990లలో మార్చేదాకా మీటరుగేజే. అంటే నరసరావుపేట, వినుకొండ, గిద్దలూరు, నంద్యాల మీదుగా మన తాతలు ప్రయాణించిన పట్టాలకీ, తాంజొంగ్ పగార్ పట్టాలకీ మధ్య వెడల్పులో తేడా లేదు. అంతేకాదు, 1990లలో మలేషియా మన దేశం నుంచి వైడీఎం-4 రకం మీటరుగేజి డీజిల్ ఇంజన్లను అద్దెకు తెచ్చుకుని నడిపింది కూడా.

రైలు అనగానే అంతా ముచ్చటే అనుకోకూడదు. మనకంటే తరాల ముందు రబ్బరు తోటల్లోకీ కొబ్బరి తోటల్లోకీ కూలీలుగా వచ్చిన తెలుగువారు మలయాలో ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942-43లలో, జపాను సైన్యం సయాం - బర్మా మధ్య 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. ఆ పనికి మలయా తోటల నుంచి తీసుకుపోయినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వారిలో ఎందరో తిరిగి రాలేదు. పిల్లలకు ఈ సంగతీ ఒక వయసు వచ్చాక చెప్పాలి. ఈ గడ్డ మీద మన చరిత్ర సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో మొదలు కాలేదని వాళ్ళకు తెలియాలి.

నలుసంటే ఏంటి నానమ్మా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మాతో పాటు ఆ ప్రదర్శనకు మా అమ్మగారు కూడా వచ్చారు. వినుకొండ దగ్గర పుట్టి పెరిగిన మనిషి. సింగపూరు వచ్చినప్పుడల్లా ఆవిడ రెండు నెలలు మౌనవ్రతం పట్టినట్టే ఉంటారు. మనవరాలితో "తిన్నావా, పడుకున్నావా" తప్ప మాటలు సాగవు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, పిల్లకు ఆవిడ మాట సగమే అర్థమవుతుంది.

ఆ మీటరుగేజి స్టేషను ముందు ఆవిడకి నోరు వచ్చింది! కిటికీలోంచి తల బయట పెడితే బొగ్గు నలుసు కంట్లో పడేదని మొదలుపెట్టారు.

"నలుసంటే ఏంటి నానమ్మా?"

"చిన్న రవ్వంత ముక్కమ్మా, కంట్లో పడితే గుండుగా ఉంటుంది. పైటచెంగు ఊది వేడి చేసి కంటికి అద్దేవాళ్ళం. నంద్యాల దాటి కాదు, ఇవతలే... గిద్దలూరు తరవాత అడవి. అక్కడ బోగదా వచ్చేది. బోగదాలోకి పోగానే పిల్లలంతా ఒకటే కేకలు."

"బోగదా అంటే?"

"ఇదుగో, ఇదే" అంటూ బల్ల మీది కొండ కింద దూరిపోతున్న బండిని చూపించారు.

మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో దానికి "సొరంగం" అని ఉంది. ఇంట్లో అందరం టన్నెల్ అంటాం. ఆ రోజు మూడో మాట వచ్చింది. మూడూ గుర్తున్నాయి. ఎందుకంటే మాట వచ్చినప్పుడు ఎదురుగా వస్తువు ఉంది, ఆ వస్తువు కదులుతోంది, ఆ మాట అన్న మనిషికి అది ప్రాణంతో సమానమైన జ్ఞాపకం. ఆ బల్ల నడుపుతున్న చైనీస్ అంకుల్ కూడా ముచ్చటపడి, మా అమ్మగారి కోసం బండిని మరో రెండుసార్లు ఆ సొరంగంలోంచి తిప్పారు.

నా అభిప్రాయం ఇదే. భాషకు పని కావాలి. ఇక్కడి బడుల్లో మన పిల్లలు మాతృభాషగా తమిళం చదువుకోవచ్చు. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు ఆ జాబితాలో లేదు. అంటే వారమంతా చదివే చదువులో తెలుగుకి మార్కులు లేవు, పరీక్ష లేదు. పిల్లల దృష్టిలో మన భాష ఆటలో అరటిపండు! ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. వీధిలోకి వెళితే తెలుగు అక్షరం కనబడదు. ఎమ్మార్టీ స్టేషన్లలో పేర్లు తమిళంలో కనబడతాయి, మన లిపి కనబడదు. లోకమంతటికీ సరిపోయే పట్టా మన బండికి ఇరుకని ఇందాక అన్నాను చూడండి, అదే పరిస్థితి.

మనలో చాలామందికి చదవడం ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. వాచకం ఎంత నేర్పిందో, రైలు కిటికీ కూడా అంత నేర్పింది. మన స్టేషను బోర్డు మీద పేరు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఉంటుంది. బండి నెమ్మదించగానే "ఏ ఊరొచ్చింది?" అని పెద్దవాళ్ళు అడగడం, మనం కూడబలుక్కుని "తె...నా...లి" అని చదవడం. తప్పు చదివితే ఊరు దాటిపోతామన్న భయం ఒకటి! అక్షరానికి అంత విలువ ఉండేది. ఆ కిటికీ మన పిల్లలకు లేదు. కనుక ఆ కిటికీని మనమే తయారుచేసి ఇవ్వాలి.

ఏం చేయవచ్చు?

ఆ ప్రదర్శనలో ఒక బల్లను టీ-ట్రాక్ పద్ధతిలో పేర్చారు. ఇది జపానులో పుట్టిన పద్ధతి. ఒక్కొక్కరూ తమ ఇంట్లో సుమారు అడుగు పొడవున్న చెక్క పెట్టె మీద తమకు నచ్చిన దృశ్యం కట్టుకుంటారు. ఒకరు ఆలయం, ఒకరు పొలం, ఒకరు ఎత్తయిన భవనాలు. నియమం ఒక్కటే, అంచుల దగ్గర పట్టాలు పక్కవారి పట్టాలతో కలవాలి. అందరూ తెచ్చి పక్కపక్కన పెట్టి కలిపితే పెద్ద దారి ఏర్పడుతుంది. సాయంత్రం ఎవరి పెట్టె వారు పట్టుకుపోతారు. పెద్ద గది అవసరం లేదు, అద్దె గొడవ లేదు.

మన తెలుగు బడికి ఇంతకన్నా తగినది ఏముంది? ఒక్కో కుటుంబం ఒక్కో పెట్టె. మీ ఊరు ఏదైతే అది. కాజీపేట వారు కాజీపేట, గుంతకల్లు వారు గుంతకల్లు. అరకు వైపు వారికి బోలెడు పని! 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడం కోసం వేసిన కొత్తవలస - కిరందూలు లైనులో యాభైకి పైగా సొరంగాలున్నాయి. జపాను పట్టాల మీద జపానుకోసం పుట్టిన మన లైను, ఎంత చక్కగా ఉంటుందో చూడండి!

ఇక గోదావరి. 1900లో మొదలై 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 1997లో పూర్తయిన కమానుల వంతెన, మూడూ రాజమండ్రి దగ్గరే. కమానుల వంతెనలో 28 కమానులు, ఒక్కొక్కటి 97.55 మీటర్లు. మొత్తం ఎన్ కొలతలో కడితే 17 మీటర్లవుతుంది, మనవల్ల కాదు. కానీ ఒక్క కమాను మాత్రం 61 సెంటీమీటర్లు. అంటే రెండడుగులు, రెండు పెట్టెలు! రాజమండ్రి కుటుంబాలు రెండు కలిస్తే గోదావరి మీద ఒక కమాను సింగపూరులో లేస్తుంది.

ప్రతి పెట్టె మీదా తెలుగులో స్టేషను బోర్డు ఉండాలి. దాన్ని పిల్లలే రాయాలి. ఆ ఊరి గురించి వచ్చినవారికి రెండు నిమిషాలు తెలుగులో చెప్పాలి. ఏం చెప్పాలో తెలుసుకోవడానికి తాతయ్యకో అమ్మమ్మకో ఫోను చేయాలి. ఫోనులో "బాగున్నావా? బాగున్నాను" తరువాత ఏం మాట్లాడాలో తెలియక పిల్లలు ఫోను మనకు అందించేస్తారు కదా! ఇప్పుడు అడగడానికి వాళ్ళకు ప్రశ్నలుంటాయి. స్టేషను ఎదురుగా ఏముండేది? గేటు పడితే ఎంతసేపు ఆగేవారు? ప్లాట్‌ఫారం మీద ఏం అమ్మేవారు?

అభ్యంతరాలకు జవాబులు

"వారానికి దొరికేదే ఒకటి రెండు గంటలు, అందులో గుణింతాలు చెప్పాలా, రైళ్ళు నడపాలా?" అని ఉపాధ్యాయులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తరగతి సమయం తీసుకోవద్దు. జూన్, డిసెంబరు సెలవుల్లో ఇంట్లో చేయాల్సిన పని ఇది.

"ఖర్చు?" పట్టాలు, ఒక ఇంజను, నాలుగు పెట్టెలు అందరూ కలిసి ఒకసారి కొనుక్కుంటే చాలు. మిగతాదంతా అట్టపెట్టెలు, ఐస్‌క్రీము పుల్లలు, ఇసుక, రంగులు. కొన్న వస్తువు ఎంత తక్కువైతే పిల్లల చేతిపని అంత ఎక్కువ.

"ఆడపిల్లలకు రైళ్ళేమిటి?" అని ఎవరైనా అంటే, 1980ల చివర్లో రైల్వేలో అడుగుపెట్టి ఇంజన్లు నడిపిన సురేఖా యాదవ్ పేరు చెప్పండి చాలు.

అన్నింటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. "మన జ్ఞాపకాలను పిల్లల నెత్తిన రుద్దడం కాదా ఇది? వాళ్ళు పుట్టింది ఇక్కడ. వాళ్ళ రైలు ఎమ్మార్టీ, దానికి కూత కూడా లేదు." ఇది నిజం. అందుకే ఆ దారిలో వినుకొండ పక్కనే బుకిట్ తిమా ఉండాలి, కాజీపేట తరువాత మీ ఇంటి దగ్గరి ఎమ్మార్టీ స్టేషను రావాలి. 1987 నవంబరు 7న తొలి ఎమ్మార్టీ యో చు కాంగ్, తోవా పాయో మధ్య ఐదు స్టేషన్లతో నడిచిందని ఒక పిల్లవాడు తెలుగులో చెప్పాలి. "చోవా చు కాంగ్" అని తెలుగులో ఎలా రాయాలో పిల్లలు తర్జనభర్జన పడాలి. తెలుగును తాతగారి ఊరి గురించి మాట్లాడటానికే నేర్పితే, అది తాతగారి ఊళ్ళోనే ఉండిపోతుంది. తను రోజూ ఎక్కే బండి గురించి కూడా తెలుగులో చెప్పగలిగినప్పుడే అది పిల్లవాడి సొంత భాష అవుతుంది. ఈ విషయంలో మన తెలుగు బడులు, మన పుస్తకాలు ఇంకా వెనకబడే ఉన్నాయని నా నమ్మకం. ఎడ్లబండి, బావి, పొలం ఉన్న పాఠాలు మనకున్నాయి. లిఫ్టు, బస్సు స్టాపు, హాకర్ సెంటరు ఉన్న పాఠాలు ఎన్ని?

ఒక చిన్న విన్నపం

ఇలాంటి ప్రదర్శనలకు పిల్లలను తీసుకువెళ్ళే తల్లిదండ్రులకు ఒక మాట. ఫోటోలు తీసుకుని పది నిమిషాల్లో బయటపడకండి. ఒక్క బల్ల దగ్గర అరగంట నిలబడండి. ఆ బల్ల వెనకున్నవారిని ప్రశ్నలు అడగనివ్వండి. ఏళ్ళ తరబడి ఓపికగా ఒక్కో చెట్టు, ఒక్కో దీపం అంటించినవాళ్ళు, అడిగితే ఎంతో సంతోషంగా చెబుతారు. వెళ్ళేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళుంటే తప్పక వెంట తీసుకువెళ్ళండి. వాళ్ళ దగ్గర ఏ మాటలున్నాయో ఆ వస్తువు ఎదురుపడేదాకా వాళ్ళకే తెలియదు. ఆ మాటలు అడిగి దాచుకునే అవకాశం మనకు ఎల్లకాలం ఉండదు.

తెలుగులో ఏదైనా పని మొదలైతే పట్టాలెక్కిందంటాం, చెడితే పట్టాలు తప్పిందంటాం. పిల్లలకు ఈ మాటలకు అర్థం చెప్పి వదిలేయకుండా పట్టాలు వాళ్ళ చేతికే ఇద్దాం. వచ్చే వార్షికోత్సవానికి ఎన్ని పెట్టెలు కలుస్తాయో చూద్దాం. పది కుటుంబాలు ముందుకొచ్చినా పది అడుగుల దారి, పది తెలుగు బోర్డులు. మొదటి ఏడాదికి అది తక్కువేమీ కాదు. ఆసక్తి ఉన్న తల్లిదండ్రులు మీ పిల్లల తరగతి ఉపాధ్యాయులకు మీ ఊరి పేరు ఇవ్వండి. ఒకే ఊరికి ఇద్దరు వస్తే మరీ మంచిది, వంతెన కట్టుకోవచ్చు!